అయాన్ల కథ – 7: కలకత్తా లెక్క, జూరిచ్ జవాబు

గత సంచిక ముగిసేనాటికి అర్హీనియస్ చేతిలో నోబెల్ బహుమతి ఉంది. 1884లో ఉప్సలా ప్రొఫెసర్లు నాలుగో తరగతి ఇచ్చి సరిపెట్టిన సిద్ధాంత వ్యాసమే 1903లో ఆయన్ని ఆ వేదిక ఎక్కించింది. ఉప్పు నీళ్లలో కరగగానే అందులో కొంత భాగం విద్యుదావేశమున్న అయాన్లుగా విడిపోతుందని, ద్రావణంలో కరెంటు మోసేది ఆ అయాన్లేనని, పలచన చేసేకొద్దీ విడిపోయే భాగం పెరుగుతుందని ఆయన చెప్పిన మాట అప్పటికి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. వాంట్ హాఫ్, ఓస్వాల్డ్, నెర్న్‌స్ట్ ఆ పునాది మీదే భౌతిక రసాయనశాస్త్రమనే ఇల్లు కట్టారు.

ఆ ఇంటి గోడలో మొదటినుంచీ ఒక బీట ఉంది. దాన్ని ఎవరూ దాచలేదు. కట్టినవాళ్లకే అందరికంటే బాగా తెలుసు. అయినా అది ఎందుకు వచ్చిందో చెప్పడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఆ జవాబు 1923లో జూరిచ్‌లో దొరికింది. అక్కడికి చేరిన దారి కలకత్తా మీదుగా పోయింది. ఆ కలకత్తా మజిలీని మన పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, కొన్నయితే ఆ వాక్యం కూడా రాయవు. అందుకే ఈ భాగంలో ఎక్కువసేపు అక్కడ ఆగుదాం.

ముందు బీట ఎక్కడుందో చూడాలి. 1888లో ఓస్వాల్డ్ ఒక నియమం చెప్పాడు. ద్రావణంలో విడిపోయిన భాగానికీ విడిపోని భాగానికీ మధ్య సమతాస్థితి ఉంటుంది కదా. విడిపోయిన అంశను వర్గం చేసి, గాఢతతో గుణించి, విడిపోని అంశతో భాగిస్తే వచ్చే విలువ ఆ పదార్థానికి స్థిరంగా ఉండాలి. ద్రావణం చిక్కగా ఉన్నా పలచగా ఉన్నా అది మారకూడదు. విడిపోయిన అంశ ఎంతో తెలుసుకోవడానికి వాహకత కొలిస్తే చాలని అర్హీనియస్ ముందే చెప్పి ఉన్నాడు: ఇప్పుడున్న మోలార్ వాహకతను, అనంతంగా పలచన చేసినప్పుడు ఉండే మోలార్ వాహకతతో భాగించడమే.

వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఈ నియమానికి చక్కగా లొంగింది. ఎన్ని రెట్లు పలచన చేసినా స్థిరాంకం లక్షకు 1.8 వంతు దగ్గరే నిలిచింది. ఇప్పుడు పొటాషియం క్లోరైడ్ తీసుకోండి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని అనంత విలీన మోలార్ వాహకత 149.9. గాఢత 0.1 మోలార్ ఉన్నప్పుడు అది 129. అంటే 86 శాతం విడిపోయిందన్నమాట. ఓస్వాల్డ్ చెప్పినట్టు లెక్క కడితే స్థిరాంకం 0.53 వస్తుంది. పది రెట్లు పలచన చేసి 0.01 మోలార్ దగ్గర చూస్తే 0.155. ఇంకో పది రెట్లు పలచన చేస్తే 0.05. ఉప్పు ఒకటే, నీళ్లు ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే. మారకూడని అంకె పదో వంతుకు పడిపోయింది.

పొటాషియం క్లోరైడ్ ఒక్కటే ఇలా చేసి ఉంటే వేరే సంగతి. మన వంటింటి ఉప్పు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా అన్నీ ఇదే తీరు. నీళ్లలో బాగా కరెంటు మోసే పదార్థాలేవీ నియమానికి లొంగలేదు. అంతంతమాత్రంగా మోసేవే లొంగాయి. అయాన్ల సిద్ధాంతం అయాన్లు తక్కువగా ఉన్నచోట నిలబడి, పుష్కలంగా ఉన్నచోట కూలిపోయింది. దీన్నే ఆనాటి రసాయనవేత్తలు బలమైన విద్యుద్విశ్లేష్యాల అసంగతి అన్నారు.

కొలతలోనే తప్పుందేమో అనుకోవడానికి వీల్లేదు. కొలిచినవాడు ఫ్రీడ్రిష్ కోల్‌రాష్. ద్రావణంలోకి బ్యాటరీ కరెంటు పంపితే ఎలక్ట్రోడ్ల దగ్గర వాయువులు పేరుకుని, ద్రావణమే మారిపోయి, కొలత చెడిపోతుంది. అందుకని ఆయన అటూఇటూ దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తు వాడాడు. ప్లాటినం రేకుల మీద నల్లటి ప్లాటినం పొడి పూత వేయించాడు. ఒక కొయ్యపలక మీద బిగించిన తీగ, దాని మీద జరిగే ఒక మొన, చెవికి ఒక టెలిఫోన్ రిసీవర్. మొనను జరుపుతూ పోతుంటే రిసీవర్‌లో వినబడే రొద తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిపోతుంది. ఇంకాస్త జరిపితే మళ్లీ మొదలవుతుంది. చప్పుడు లేని ఆ ఒక్క చోటులో ద్రావణం నిరోధం ఎంతో తేలుతుంది. గది ఒక డిగ్రీ వేడెక్కితే వాహకత సుమారు రెండు శాతం మారుతుంది కాబట్టి ఘటాన్ని స్థిరమైన ఉష్ణోగ్రత ఉన్న నీటి తొట్టిలో ఉంచాల్సిందే. నీటిలోని మలినాలు కూడా కరెంటు మోస్తాయి కాబట్టి నీళ్లను కూడా నమ్మడానికి లేదు. 1894లో స్వచ్ఛమైన నీటి సొంత వాహకత ఎంతో తేల్చడానికి ఆయన, హైడ్‌వైలర్ కలిసి నీటిని శూన్యంలో 42 సార్లు స్వేదనం చేశారు. అంత ఓపికతో చేసిన పట్టికలవి. వాటిని శంకించే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ పట్టికల్లోనే కోల్‌రాష్‌కు ఇంకో సంగతి కనబడింది. బలమైన విద్యుద్విశ్లేష్యాలకు పలచని ద్రావణాల్లో మోలార్ వాహకత తగ్గుదల గాఢత వర్గమూలానికి అనుపాతంలో ఉంది. గాఢత నాలుగు రెట్లయితే తగ్గుదల రెండు రెట్లు. ఇంటర్ రెండో సంవత్సరంలో గాఢత వర్గమూలం అడ్డంగా, వాహకత నిలువుగా వేసి సరళరేఖ గీయమంటారే, ఆ గీత ఇదే. అది నేరుగా ఎందుకు వస్తుందో, ఆ వర్గమూలం ఎక్కడినుంచి ఊడిపడిందో కోల్‌రాష్‌కు తెలియదు. ఆయన 1910లో కన్నుమూసే నాటికి కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఈలోగా కొందరికి అసలు మొదటి మాట మీదే అనుమానం కలిగింది. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ బ్యెరుమ్ 1909లో క్రోమియం లవణాల రంగును ఆధారం చేసుకుని మాట్లాడాడు. విడిపోయినవి కొన్ని, విడిపోనివి కొన్ని ఉంటే, పలచన చేసేటప్పుడు వాటి పాళ్లు మారాలి, రంగు కూడా మారాలి. అది మారడం లేదు. కాబట్టి విడిపోనివంటూ లేవు, అన్నీ విడిపోయే ఉన్నాయి అన్నాడు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటికం లోపలికి తొంగిచూస్తే అక్కడ సోడియం, క్లోరిన్ జంటలుగా కట్టిపడేసి ఉన్న అణువులే కనబడలేదు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. గడ్డకట్టిన ఉప్పులోనే అణువు లేకపోతే, నీళ్లలో విడిపోని అణువు ఎక్కడినుంచి వస్తుంది?

అన్నీ విడిపోయాయంటే సరే, మరి వాహకత ఎందుకు తగ్గుతోంది? అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, తోసుకుంటాయి కాబట్టి అనడం తేలిక. ఎంత లాక్కుంటాయో లెక్క కట్టడం గండం. కోటానుకోట్ల అయాన్లు, అన్నీ కదులుతున్నవే, ప్రతిదాని మీదా మిగతా అన్నిటి ప్రభావం. 1912లో ఇంగ్లండ్‌లో మిల్నర్ దానికి తెగించి చేసిన గణితం సరైన దిశలోనే సాగింది. కానీ అది ఎంత జటిలమంటే చదివి వాడుకున్నవాళ్లే కరువయ్యారు.

అప్పుడు కలకత్తాలో ఒక కుర్రవాడు ఈ లెక్కను చేతిలోకి తీసుకున్నాడు.

జ్ఞానచంద్ర ఘోష్ పురూలియాలో పుట్టాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రఫుల్లచంద్ర రాయ్ దగ్గర రసాయనశాస్త్రం చదివాడు. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ ఆ కాలేజీలో ఆయన తోటివాళ్లు. ఒకే కాలేజీ, ఒకే కాలం, ఇన్ని పేర్లు! రాయ్ జీవించిన తీరు అందరికీ తెలిసిందే. పెళ్లి చేసుకోలేదు, జీతంలో చాలామటుకు విద్యార్థులకే ఖర్చుపెట్టాడు, సైన్స్ కాలేజీ భవనంలోనే ఒక గదిలో కాపురముండి జీవితం గడిపాడు. ఆ సైన్స్ కాలేజీని 1914లో అశుతోష్ ముఖర్జీ స్థాపించాడు. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదులు తమ సంపాదన ధారపోసి దానికి ఊపిరి పోశారు. ఎమ్మెస్సీ ముగించి బయటికొచ్చిన ఈ కుర్రాళ్లనే అశుతోష్ పిలిచి, ఎమ్మెస్సీ పాఠాలు చెప్పండని తరగతులు అప్పగించాడు. నిన్నటిదాకా బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఇవాళ బోర్డు దగ్గర నిలబడ్డారు.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. జర్మన్ పత్రికలు రావడం ఆగిపోయింది. ప్రయోగశాలలో సామగ్రి అంతంతమాత్రం. ఇలాంటి చోట చేయగలిగింది ఏమిటని ఆలోచిస్తే ఘోష్ ఎంచుకున్న సమస్య ఎంత సమయోచితమో అర్థమవుతుంది. కొలతలు కోల్‌రాష్ తదితరులు ఎప్పుడో అచ్చువేసి పెట్టారు. వాటికి కారణం చెప్పగలిగే ఆలోచన ఒక్కటే లోటు. దానికి కావలసింది కాగితం, కలం. 1918లో లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో బలమైన విద్యుద్విశ్లేష్యాల అసంగతి మీద ఘోష్ వ్యాసాలు వరసగా వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు.

ఆయన చెప్పింది ఇది. ఉప్పు నీళ్లలో పూర్తిగా విడిపోతుంది. ఎంత చిక్కని ద్రావణమైనా సరే, విడిపోని అణువంటూ ఉండదు. విడిపోయిన అయాన్లు నీళ్లలో కూడా స్ఫటికంలో ఉన్న అమరికనే పాటిస్తాయి, మధ్య దూరం మాత్రం పెరుగుతుంది. మడిలో వరి నాట్లు దగ్గర దగ్గరగా వేసినా ఎడంగా వేసినా సాళ్లు చెదరనట్టే. ఇక ఒక్కో ధనాయాన్‌నూ పక్కనున్న రుణాయాన్ లాగుతుంటుంది. ఆ లాగుడు తెంచుకుని పోవాలంటే కొంత శక్తి కావాలి. వాయువులోని అణువుల్లో లాగే అయాన్లలోనూ కొన్నిటికి ఎక్కువ గతిశక్తి, కొన్నిటికి తక్కువ. చాలినంత శక్తి ఉన్నవే స్వేచ్ఛగా కదిలి కరెంటు మోస్తాయి. మిగతావి విడిపోయి ఉండి కూడా పనికి రావు. పలచన చేస్తే దూరం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, తెంచుకోగలిగినవి ఎక్కువవుతాయి, వాహకత పెరుగుతుంది.

ఈ లెక్కలో ఊహించి పెట్టుకున్న స్థిరాంకాలేవీ లేవు. అయాన్ మీది ఆవేశం తెలిసిందే. నీటి రోధక స్థిరాంకం 80కి కాస్త అటూఇటూ అని తెలిసిందే. స్ఫటికంలో అమరిక బ్రాగ్‌లు చూపించారు. గాఢత తెలిస్తే అయాన్ల మధ్య దూరం తెలుస్తుంది, దూరం తెలిస్తే శక్తి తెలుస్తుంది, శక్తి తెలిస్తే వాహకత తెలుస్తుంది. అంతవరకూ ఎంతోమంది తలలు పట్టుకున్న ప్రశ్నకు ఒక విద్యార్థి పుస్తకం మీద చేసుకోగలిగిన జవాబు.

ఆ జవాబు ఎంత నిలబడిందో చూద్దామని నేటి విలువలు పెట్టి లెక్క కట్టాను. పొటాషియం క్లోరైడ్ 0.1 మోలార్ ద్రావణంలో సగటు అయాన్ దూరం సుమారు 2 నానోమీటర్లు. ఘోష్ సూత్రం ప్రకారం కరెంటు మోసే భాగం సుమారు 84 శాతం. కొలత 86 శాతం అంటోంది. అంతవరకూ చూసి ఆగితే, ఆనాటి పాఠకులు ఎందుకు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారో తెలుస్తుంది. ఇప్పుడు వంద రెట్లు పలచన చేయండి, 0.001 మోలార్. సూత్రం 96 శాతం చిల్లర అంటుంది, కొలత 98 శాతం. పైకి ఈ రెండూ కూడా దగ్గరగానే ఉన్నాయి. కానీ మనకు కావలసింది నూటికి ఎంత తగ్గిందన్నది. సూత్రం తగ్గుదల దాదాపు 3.7, కొలిచిన తగ్గుదల 1.9. సగానికి సగం తేడా. ద్రావణం పలచబడేకొద్దీ, అంటే లెక్క తేలిక కావలసిన చోటే, సూత్రం పట్టుతప్పుతోంది.

కారణం ఆ సాళ్లలోనే ఉంది. సాళ్లలో నిలబడ్డ అయాన్ల మధ్య దూరం గాఢత ఘనమూలాన్ని బట్టి మారుతుంది. ద్రావణాన్ని ఎనిమిది రెట్లు పలచన చేస్తేగాని దూరం రెండింతలు కాదు. కాబట్టి ఘోష్ సూత్రంలో ఘనమూలం తప్పదు. కోల్‌రాష్ గీత వర్గమూలం అడుగుతోంది.

1919లో ఘోష్ లండన్ వెళ్లి యూనివర్సిటీ కాలేజీలో రసాయనవేత్త డానన్ దగ్గర పనిచేశాడు. యూరప్‌లో ఆయన సిద్ధాంతం మీద వాదోపవాదాలు సాగాయి. మెచ్చినవాళ్లు దాని సరళతను మెచ్చారు. తప్పుపట్టినవాళ్లు పలచని ద్రావణాల్లోని తేడాను, ద్రవంలో స్ఫటికపు అమరిక అన్న మూల భావననూ పట్టుకున్నారు. రెండు పక్షాలూ దాన్ని చదివాయి, లెక్కలు వేశాయి. మిల్నర్ గణితానికి దక్కని భాగ్యం ఇది.

ఇక్కడ సాహా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1920లో ఘోష్ మిత్రుడు సాహా సూర్యుడి వాతావరణంలో పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా మారడాన్ని ఒక రసాయన చర్యగా భావించి, విడిపోయిన భాగానికీ విడిపోని భాగానికీ సమతాస్థితి సమీకరణం రాశాడు. నక్షత్రాల వర్ణపటాలు దానితో అర్థమయ్యాయి. ఓస్వాల్డ్ పద్ధతికి చుట్టమే అది. గాజు పాత్రలోని ఉప్పునీటిలో ఓడిపోయిన ఆలోచన వేల డిగ్రీల వేడిలో మరుగుతున్న సూర్యుడి మీద గెలిచింది. అక్కడ అయాన్లు ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉంటాయి, లాగుడు లెక్కలోకి రాదు. ఉప్పునీటిలో ఆ లాగుడే సర్వస్వం. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరు మిత్రులు రెండేళ్ల తేడాలో ఒకే ప్రశ్నకు రెండు కొసలూ పట్టుకున్నారు.

ఇక జూరిచ్. పీటర్ డెబై నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వాడు. 1920లో జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌గా వచ్చాడు. అక్కడి భౌతికశాస్త్ర సంఘంలో బాయర్ అనే ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు. విషయం: ఘోష్ పరిశోధనలు. డెబై విన్నాడు. అయాన్లన్నీ విడిపోయే ఉంటాయన్నది ఆయనకు నచ్చింది. సాళ్లు కట్టి నిలబడతాయన్నది నచ్చలేదు. నీళ్లలో అయాన్లను నీటి అణువులు క్షణం ఊరుకోనివ్వకుండా కుదుపుతుంటాయి. అలాంటిచోట స్ఫటికపు క్రమశిక్షణ ఎలా సాధ్యం? పోనీ పూర్తిగా చెల్లాచెదురుగా ఉంటాయా అంటే అదీ కాదు, ఆవేశాలు లాగుతూనే ఉంటాయి. వేడి చెదరగొడుతుంది, ఆవేశం దగ్గరకు చేరుస్తుంది. రెంటి పోటీలో ఏం జరుగుతుంది?

డెబై ఊహను ఇలా చెప్పుకోవచ్చు. ఒక ధనాయాన్ పక్కన కూర్చుని, దాని చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగాను చాలాసేపు గమనిస్తున్నామనుకోండి. ధనాయాన్లూ వస్తుంటాయి, రుణాయాన్లూ వస్తుంటాయి. లెక్క రాసుకుంటూ పోతే రుణాయాన్లు కాస్త ఎక్కువసార్లు వచ్చినట్టు తేలుతుంది. ఏ క్షణంలో చూసినా అమరిక కనబడదు. సగటున మాత్రం ప్రతి అయాన్ చుట్టూ వ్యతిరేక ఆవేశపు పలుచని పొర కమ్ముకుని ఉంటుంది. దీన్నే అయాన్ వాతావరణం అన్నారు. ఆ పొర మందం ఎంతో డెబై, ఆయన సహాయకుడు ఎరిక్ హకెల్ లెక్క కట్టారు. అది గాఢత వర్గమూలానికి విలోమానుపాతంలో వచ్చింది. నీటిలో పొటాషియం క్లోరైడ్ 0.1 మోలార్ ఉంటే పొర సుమారు ఒక నానోమీటరు. 0.001 మోలార్ ఉంటే సుమారు పది. కోల్‌రాష్ వర్గమూలం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. అది ఒక అయాన్‌కూ పక్క అయాన్‌కూ మధ్య దూరం కాదు, ఆవేశం తన ప్రభావాన్ని చూపగలిగే దూరం.

వాహకత తగ్గడానికి రెండు కారణాలు చెప్పారు. అయాన్ ముందుకు కదలగానే దాని వాతావరణం వెంటనే సర్దుకోలేక వెనకబడుతుంది. వెనకబడ్డ వ్యతిరేక ఆవేశం అయాన్‌ను వెనక్కి లాగుతుంది. అదీగాక వాతావరణంలోని అయాన్లు ఎదురుదిశలో పోతూ తమతో పాటు నీటిని ఈడ్చుకుపోతాయి. మధ్యలోని అయాన్ ఏటికి ఎదురీదాల్సి వస్తుంది. 1923లో ఈ సిద్ధాంతం అచ్చయింది. ఆ వ్యాసం అడుగున డెబై ఒక పాదసూచిక రాశాడు. ఘోష్ పరిశోధనల మీద బాయర్ చేసిన ఉపన్యాసమే తనను ఈ ఆలోచనల వైపు మళ్లించిందని అందులో స్పష్టంగా చెప్పుకున్నాడు.

సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం విద్యుత్ ఘటాలు ఇచ్చాయి. మూడో భాగంలో చూసిన 1836 నాటి డేనియల్ ఘటంలో రెండు ద్రావణాలు, వాటి మధ్య మట్టి గోడ ఉండేవి. ఆ గోడ దగ్గర రెండు ద్రావణాలు కలిసేచోట పుట్టే చిన్న వోల్టేజి సూక్ష్మమైన కొలతలను పాడుచేస్తుంది. అందుకని సాక్ష్యానికి ఒకే ద్రావణం ఉన్న ఘటాన్ని ఎంచుకున్నారు. గాజు పాత్రలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఒక పక్క ప్లాటినం రేకు, దాని మీదుగా ఒక వాతావరణ పీడనంతో బుడగలు బుడగలుగా పోయే హైడ్రోజన్. ఇంకో పక్క వెండి తీగ, దాని మీద సిల్వర్ క్లోరైడ్ పూత. కరెంటు తీసుకోకుండా వోల్టేజిని కొలిచే పొటెన్షియోమీటర్. అంతే.

ఆమ్లం గాఢత కిలో నీటికి 0.1 మోల్ అనుకుందాం. ప్రతి అయానూ తన పూర్తి శక్తితో పాల్గొంటే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల దగ్గర వోల్టేజి 0.3406 రావాలి. కొలిస్తే 0.3524 వస్తుంది. తేడా సుమారు 12 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్లు ముందు అది లెక్కలోకి రాదు. ఆ రోజుల్లోనే మిల్లీవోల్టులో పదో వంతును తేలిగ్గా పట్టుకునే పొటెన్షియోమీటర్‌కు మాత్రం అది ఏనుగంత. ఆ 12 మిల్లీవోల్టులను గాఢతగా మారిస్తే, ఆమ్లం తన గాఢతలో సుమారు 80 శాతమే ఉన్నట్టు ప్రవర్తిస్తోందని తేలుతుంది. అయాన్లు ఎక్కడికీ పోలేదు. అన్నీ ఉన్నాయి, అన్నీ విడిపోయే ఉన్నాయి. ఒక్కోటీ తన వాతావరణపు లాగుడులో ఉంది కాబట్టి దాని ప్రభావం తగ్గింది. ఇలా ఎంత ప్రభావం మిగిలిందో చెప్పే కొలతకు అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ 1907లోనే క్రియాశీలత అనే భావనను ఇచ్చి ఉన్నాడు. అది ఎందుకు తగ్గుతుందో చెప్పడం డెబై, హకెల్‌ల వంతయింది.

0.001 మోల్ దగ్గర ఘటం చెప్పే క్రియాశీలత గుణకం, అంటే గాఢతలో ప్రభావం చూపే వంతు, 0.965. డెబై, హకెల్‌ల పలచని ద్రావణాల సూత్రం 0.964 ఇస్తుంది. ఘోష్ పట్టుతప్పిన చోట వీళ్లు దాదాపు తూచినట్టు సరిపోయారు. 0.1 మోల్ దగ్గర అదే సూత్రం 0.69 అంటుంది, ఘటం 0.80 దగ్గర ఉంటుంది. అంత చిక్కని ద్రావణంలో అయాన్‌ను ఒక చుక్కగా భావించడం కుదరదు, దాని పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ సంగతి డెబై, హకెల్ ఆ వ్యాసంలోనే చెప్పారు.

ఘోష్ గురించి మనవాళ్లు రాసే తీరు రెండు రకాలు. కొందరు అంతా ఆయనే కనిపెట్టాడు, యూరప్‌వాళ్లు పేరు కొట్టేశారు అంటారు. సాళ్లు కట్టిన అయాన్లు తప్పు, ఘనమూలం తప్పు; ఈ మాట దాచిపెట్టి ఆయనకు గౌరవం చేకూర్చలేం. మరికొందరు, తర్వాత ఖండించబడిన సిద్ధాంతాల జాబితాలో ఆయన పేరు చేర్చి ఊరుకుంటారు. అది ఇంకా పెద్ద అన్యాయమని నా నమ్మకం. అన్నీ విడిపోయాయనుకుంటే ఏమవుతుందో ఎవరైనా చేసి చూడగలిగేంత తేటగా ఆయన లెక్కగా రాశాడు. లెక్కగా రాశాడు గనకే అది ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపించడం కుదిరింది. బాయర్ ఉపన్యాసమివ్వడానికి, డెబై విని ఆలోచనలో పడడానికి జూరిచ్‌లో ఒక విషయం దొరికింది. యుద్ధకాలంలో, వలసపాలనలో, కొత్తగా పెట్టిన కాలేజీలో కూర్చుని ఇది చేయడం సామాన్యమా?

తర్వాత ఘోష్ దారి క్రమంగా అయాన్ల నుంచి సంస్థల వైపు మళ్లింది. 1921లో కొత్తగా తెరిచిన ఢాకా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టాడు. 1939లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు. యుద్ధకాలంలో ఆయన హయాంలోనే అక్కడ విమాన ఇంజినీరింగ్ చదువు మొదలైంది. 1950లో ఖరగ్‌పూర్‌లో దేశపు మొదటి ఐఐటీకి మొదటి డైరెక్టర్ ఆయనే. ఆ ఐఐటీ మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931లో పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరు రాజకీయ ఖైదీలను చంపిన చోటు అది. చివరి ఏళ్లలో ప్రణాళికా సంఘంలో సభ్యుడిగా ఉండి 1959లో కన్నుమూశాడు.

డెబై, హకెల్‌ల కథ కూడా 1923తో పూర్తికాలేదు. క్రియాశీలత విషయంలో వాళ్ల సూత్రం గట్టిగా నిలిచింది. వాహకత విషయంలో వర్గమూలం సరిగానే వచ్చినా, దాని ముందుండే గుణకం కొలతలతో పూర్తిగా కలవలేదు. 1925లో లార్స్ ఆన్‌సాగర్ అనే నార్వే కుర్రవాడు, అప్పుడే కెమికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నవాడు, జూరిచ్‌లో డెబై గదిలోకి నేరుగా నడిచివెళ్లి, మీ విద్యుద్విశ్లేష్యాల సిద్ధాంతం తప్పని చెప్పాడు. డెబై కూర్చోమన్నాడు, విన్నాడు, కొద్దికాలానికి తన దగ్గరే ఉద్యోగమిచ్చాడు. కుర్రవాడి అభ్యంతరం ఇది: మీరు మధ్యలోని అయాన్‌ను తిన్నగా ఒకే గీత మీద నడిపించారు, కానీ అది కూడా చుట్టూ ఉన్నవాటిలాగే నీటి కుదుపులకు అటూఇటూ తూలుతూ పోతుంది కదా. ఆ తూలుడును లెక్కలో చేర్చగానే గుణకం సరిపోయింది. ఇంటర్ పుస్తకంలోని ఆ సరళరేఖ సమీకరణం డెబై–హకెల్–ఆన్‌సాగర్ అని మూడు పేర్లతో పిలవబడడం అప్పటినుంచే. ఆన్‌సాగర్ ఆ లెక్క ఎలా చేశాడో, అది ఆయన్ని ఉప్పునీటి నుంచి ఇంకెంత దూరం తీసుకెళ్లిందో వచ్చే సంచికలో చూద్దాం.